దూలయ్య గీత

కిందటి వారం సమ్మయ్యను ఖమ్మంలో డాక్టరు ఎదుట కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన నోట్లోంచి మాట బయటికి రాకముందే మనం వచ్చేశాం. ఆ మాట ఏమిటో ముందు చెప్పుకోవాలి. ఈ వారం కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

డాక్టరు భవాని అప్పటికే అంతా విడమరిచి చెప్పింది. తొమ్మిదేళ్ళ కింద బొగ్గు గనిలో పైకప్పు బండ కూలినప్పుడు చితికిన ముక్కు లోపల వంకరగా అతుక్కుపోయింది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడుతోంది. ఇంకా వాయిదా వేస్తే గుండె మీద పడుతుంది. ఆపరేషను తప్పదు. ఇదంతా చెప్పాక ఆమె కుర్చీ కాస్త ముందుకు జరుపుకుని సమ్మయ్య మొహం మీది నీలం గీతను పరీక్షగా చూసింది. అది నుదుటి మీద మొదలై, ఎడమ కనుబొమ్మ దాకా దిగి, కంటి దగ్గర తెగిపోయి, మళ్ళీ చెంప మీద మొదలై దవడ దాకా సాగిన గీత.

"కన్ను తప్పించుకుంది. అదృష్టవంతులు" అంది. తర్వాత, "ఎలాగూ మత్తు ఇస్తాం కదా. అదే మత్తులో ముక్కును పైనుంచి కూడా తిన్నగా నిలబెట్టి, ఆ నీలం చర్మం కోసి తీసేసి, సన్నగా కుట్టేయొచ్చు. అది అవసరమని నేను చెప్పను. మీ ఇష్టం. కానీ చేయించుకుంటే ఇప్పుడే. మీ గుండెకు ఇంకోసారి మత్తు ఇవ్వడానికి నేను ఒప్పుకోను" అంది.

అప్పుడు సమ్మయ్య అడగవలసింది, నా ప్రాణానికేం భయం లేదు గదా అని. పక్కనున్న శోభారాణి ఆ ప్రశ్న కోసమే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆయన అడిగింది వేరు.

"మొత్తం పోతదా అమ్మా? మొహం మల్ల మునుపటి లెక్కయితదా?"

అడిగాక తన గొంతులోని ఆశ తన చెవినే పడి, సమ్మయ్య తల దించేసుకున్నాడు. శోభారాణి విననట్టే కిటికీ వైపు తిరిగి, బయట ఎండలో ఏమీ లేకపోయినా ఏదో ఉన్నట్టు చూసింది. ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆమె చేసిన ఉపకారాల్లో అదొకటి.

మామూలుగా అయితే అది పెద్ద ఆశ ఏమీ కాదు. బొగ్గు పొడి ఉన్న గాయాన్ని అప్పటికప్పుడు రుద్ది కడగకపోతే, పొడి లోపలే ఉండి చర్మం మూసుకుపోతుంది. అక్కడ నీలం నిలిచిపోతుంది. గని మనుషుల్లో చేతి మీదో వీపు మీదో అలాంటి చుక్క లేనివాడు అరుదు. ఎవరూ పట్టించుకోరు. సమ్మయ్య గీత మాత్రం అలాంటిది కాదు. దానికి గని మీద ఒక పేరుంది. దూలయ్య గీత.

దూలయ్య సమ్మయ్యకు చుట్టం కాడు. కాని పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పనిలో ఏళ్ళ తరబడి ఇద్దరిదీ ఒకటే జట్టు. నెత్తి మీద ఒకే బండను పెట్టుకుని పనిచేసేవాళ్ళ మధ్య చుట్టరికం దానంతటదే వస్తుంది. ఆయన బావ అయ్యాడు, ఈయన బామ్మర్ది అయ్యాడు. దూలయ్య భార్య అనంతమ్మ సమ్మయ్యకు అక్క అయింది. "గింత మంచి మొహం పెట్టుకుని బొగ్గుల దూరుతవేందిరా హీరో, గోడ మీద పోస్టర్లల్ల ఉండాలె గదా" అని దూలయ్య రోజూ ఆటపట్టించేవాడు. గని మీద అందరికీ సమ్మయ్య హీరోనే. ఆ మొహం సమ్మయ్యకూ ఇష్టంగానే ఉండేది.

బండ కూలిన రోజు దూలయ్య పోయాడు. సమ్మయ్య మిగిలాడు, మొహం మీద ఆ గీతతో. లోపలికి దిగే పనికి పనికిరాడని ఆయన్ను పైన దీపాల గదిలో వేశారు. షిఫ్టుకు దిగే ప్రతి మనిషీ ఆ కిటికీ దగ్గరే టోపీ దీపం తీసుకోవాలి. దీపం అందుకుంటూ ఆ గీత వైపు చూసి నుదుటికి చెయ్యి తాకించుకోవడం ఎవరు మొదలుపెట్టారో తెలియదు గాని, ఇప్పుడది అలవాటైపోయింది. దూలయ్యను చూడని కుర్రవాళ్ళు కూడా అలాగే చేస్తారు.

ఇక ఏటా పెత్రమాస నాడు, పెద్దలకు పెట్టుకునే రోజున, అనంతమ్మ ఆయన్ను పిలిచి పీట మీద కూర్చోబెడుతుంది. ఎవరికీ వడ్డించకముందే చిన్న గిన్నెలో పసుపు ముద్ద తెచ్చి ఆ గీత మీద పైనుంచి కిందికి వేలితో మెల్లగా రాస్తుంది. ఆ తర్వాతే మొదటి విస్తరి ఆయనకు వేస్తుంది. చూసేవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. తన మనిషిని ఆ గీతలో చూసుకుంటోంది పాపం అంటారు. సమ్మయ్య కదలకుండా కూర్చుంటాడు, దేవుడి గుడిలో ఎవరిదో విగ్రహానికి బదులు పొరపాటున తనను కూర్చోబెట్టినట్టు.

అలాంటి గీతను, యాభై నాలుగేళ్ళ వయసులో, అందం కోసం తీయించుకోవాలని ఆయనకు ఆశ పుట్టింది. గనిలో చచ్చిపోయిన మనిషి సమాధి తన మొహం మీద ఉంటే, దాన్ని తవ్వేసి చదును చేసుకుంటానన్నట్టుంది. ఈ తప్పు చాలదన్నట్టు దాని కింద ఇంకో బరువుంది. అది ఆయన ఒక్కడికే తెలుసు. అక్కడికీ వస్తాం.

* * *

ఆదివారం. గనికి సెలవు. కొత్తగూడెం నుంచి ఖమ్మం పోయే బస్సు జూలూరుపాడు దాటి, అడవిని వెనక వదిలి, ఏన్కూరు చేలల్లో పడింది. సాయంత్రానికి ఆసుపత్రిలో చేరాలి. పొద్దున ఆపరేషను. ముక్కు ఒక్కటేనా, గీత కూడానా అని మధ్యాహ్నం సిస్టరు ఫోన్ చేసి అడుగుతుంది. దాన్నిబట్టి థియేటరు ఏర్పాటు చేసుకుంటారు. అప్పటికి ఒక మాట చెప్పాలి.

సమ్మయ్య కిటికీ పక్క కూర్చుని బస్సు బయటి అద్దంలో కనిపించే తన మొహం ముక్కను చూస్తున్నాడు. బస్సు కుదిపినప్పుడల్లా గీత కనిపిస్తుంది, మాయమవుతుంది. శోభారాణి ఆ సంగతి కనిపెట్టి కూడా ఏన్కూరు దాకా ఊరుకుంది.

"తల్లాడ కాడ దిగుదం" అన్నాడు సమ్మయ్య ఉన్నట్టుండి.

"ఎందుకట?"

"అక్కకు చెప్పాలె."

"చెప్పాల్నా, అడగాల్నా?"

సమ్మయ్య మళ్ళీ అద్దం వైపు తిరిగాడు. అనంతమ్మ, కొడుకు కిషోర్‌కు తండ్రి ఉద్యోగం వచ్చి గనిలో కుదురుకున్నాక, తల్లాడ దగ్గర పల్లెలో తమ్ముడింటికి వచ్చి ఉంటోంది.

"అడిగితే వదినె వద్దంటదని నీ ఆశ" అంది శోభారాణి. "వద్దంటే నీకు పీడ పాయె. తియ్యించుకోకపోతివి, మంచోడివైతివి. రేపు అద్దం చూసుకున్నప్పుడల్లా వదినె వద్దన్నదని అనుకోవచ్చు. నాకెర్కలేదా నీ సంగతి?"

"నీకెట్లుంది? తియ్యాల్నా వద్దా?"

"నాకు నువ్వు గిట్లనే అలవాటైనవయ్యా. నాకేం ఫరక్ లేదు. నీకే నువ్వు అలవాటు కాలేదు." చేతిలోని టికెట్టు ముక్క చూపించింది. "దిగుదమంటే దిగుదం. నాది జీరో టికెట్, ఆడోళ్ళకు ఫ్రీ, నాకేం పోదు. నీ టికెట్టే దండగ."

ముందు సీట్లో ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. సమ్మయ్యకూ నవ్వొచ్చింది. నవ్వితే ముక్కు లోపల గాలి అడ్డం తిరిగి దగ్గొచ్చింది. తల్లాడ రాగానే కండక్టరు ఏమీ అడక్కుండానే బస్సు ఆపించి, ఆయన దిగేదాకా చెయ్యి పట్టుకున్నాడు.

ఆటో దిగేసరికి పల్లె మొత్తం ఎర్రగా ఉంది. కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. ఆటో డ్రైవరు తుమ్మాడు, శోభారాణి వరసగా తుమ్మి కొంగు ముక్కుకు కట్టుకుంది. సమ్మయ్యకు ఏ ఘాటూ తెలియలేదు. ఆయన ముక్కుకు మిరపకాయా మల్లెపువ్వూ ఒకటై తొమ్మిదేళ్ళయింది.

అనంతమ్మ టార్పాలిన్ పట్టా కట్టిన నీడలో కూర్చుని, రంగు పోయిన తాలు కాయలు ఏరి పక్కన పోస్తోంది. వీళ్ళను చూసి లేవబోయి, మోకాళ్ళు సహకరించక మళ్ళీ కూర్చుని, "శోభా, లోపల కుండల నీళ్ళున్నయి, తెచ్చుకోండ్రమ్మా. ఏందే గిట్ల చెప్పకుండ వచ్చిండ్రు? అన్నం తిన్నరా?" అంది.

"తిన్నం వదినే. ఖమ్మం పోతున్నం. రేపే ఆపరేషన్."

"అవ్, కిషోర్ చెప్పిండు. ముక్కుకంట గదా." ఆమె సమ్మయ్య వైపు తిరిగింది. "భయపడుతున్నవా తమ్మీ? ఏం గాదు. ఇప్పుడు దవాఖానాలు మంచిగైనయి."

సమ్మయ్య ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలు ఆ కల్లంలోకి వచ్చేసరికి ఒక్కటీ మిగల్లేదు. ఊరికే ఉండలేక తనూ తాలు కాయలు ఏరడం మొదలుపెట్టాడు. మంచి కాయలు కూడా తాలులో వేస్తుంటే అనంతమ్మ ఆయన చేతి మీద చిన్నగా కొట్టింది.

"ఏందో చెప్పు. నా కాయలు ఖరాబు చెయ్యకు."

"అక్కా... ముక్కు చేసేటప్పుడే..." సమ్మయ్య చెయ్యి తనకు తెలియకుండానే మొహం మీదికి పోయింది. "ఇది గూడ తీస్తరట. మల్ల తియ్యాలంటే కుదరదట. నేను అడగలేదక్కా, డాక్టరమ్మనే అన్నది. వద్దంటే తియ్యరు. నువ్వు వద్దంటే నేను..."

అనంతమ్మ చెయ్యి ఆగింది. సమ్మయ్య నేల వైపు చూస్తున్నాడు. ఏడుస్తుందేమో అనుకున్నాడు. తిడుతుందేమో అనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"మొత్తం పోతదంటనా?" అంది అనంతమ్మ.

సమ్మయ్య తలెత్తాడు. అది డాక్టరు గదిలో తన నోట వచ్చిన మాటే. అదే ఆశ, అదే తొందర. గొంతు ఒక్కటే వేరు. శోభారాణి నీళ్ళ చెంబు పట్టుకుని గడపలో అలాగే నిలబడిపోయింది.

"మరక లేకుండ పోతదంటనా తమ్మీ? సన్న గీతన్న ఉండదు గదా?"

"సన్నగ ఉంటదట. నీలం మాత్రం పోతదట."

"పోనీ! నీలం పోతే చాలు" అంది. అని రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. మిరప చేతులు. కళ్ళు భగ్గుమన్నాయి. "అయ్యో అయ్యో" అంటూ శోభారాణి పరుగెత్తుకొచ్చి చెంబులోని నీళ్ళు ఆమె కళ్ళ మీద చల్లింది. నీళ్ళు ఏవో, కన్నీళ్ళు ఏవో తెలియలేదు. కొంతసేపు ఆ ముగ్గురికీ అదే మంచిదైంది.

కళ్ళు తుడుచుకున్నాక అనంతమ్మ అంది: "నేను పెత్రమాస నాడు పసుపెందుకు రాస్తుంటినో ఎర్కేనా నీకు?"

"బావ గుర్తని..."

"మీరందరు గట్లనుకున్నరు. మొదటి ఏడే గట్లనుకున్నరు. 'ఎంత మంచి మనసే అనంతమ్మా' అని మీ క్వార్టర్ల ఆడోళ్ళు నన్ను పట్టుకుని ఏడ్చిరి. అప్పుడు నేను కాదు అని ఎట్ల చెప్పుదు? అది బొట్టు కాదు తమ్మీ. మందు. ఏపాకు, పచ్చి పసుపు కలిపి నూరితే మచ్చ పోతదని మా అమ్మ చెప్పేది. ఏడాదికొక్కసారి రాస్తే ఏం పోతదని నువ్వు అడగొచ్చు. రోజొచ్చి రాసేటంత మొహం నాకు లేకపాయె. ఆ ఒక్క దినం మాత్రం ఎవలు ఏమనరు. అందుకని ఆ దినం రాసిన."

సమ్మయ్యకు ఆమె మాటలు వినబడుతున్నాయి గాని అర్థం కావడం లేదు. "నా మచ్చ పోవాలని నీకెందుకక్కా?"

"నేనే పెడితిని గనుక."

మళ్ళీ కాయల్లో చెయ్యి పెట్టింది గాని ఏరడం లేదు. ఊరికే అటూ ఇటూ కదుపుతోంది.

"ఆ దినం డిస్పెన్సరీల కంపోండర్ ఒక్కడే ఉండె. తుల్సీరాం. మీ ఇద్దరిని తెచ్చిండ్రు. నిన్ను బల్ల మీద కూసోపెట్టిండ్రు, మొహం నిండ నెత్తురు. తుల్సీరాం బ్రష్షు, నీళ్ళు తీసుకుని నీ దిక్కే వచ్చిండు. బొగ్గు గాయం గంట లోపల్నే కడగాలె, లేకుంటే నీలం నిలుస్తదని నాకు తెల్వదా? గని మనిషి పెళ్ళాన్ని. నేను తుల్సీరాం అంగీ పట్టుకుని గుంజిన. ముందుగాల నా మనిషిని చూడుమన్న. ఛాతి మీద ఒత్తుమన్న. వాడు ఒత్తుడు ఆపితే మల్ల గుంజిన."

"అక్కా, మనిషి ప్రాణం..."

"ప్రాణమేడున్నది?" అంది అనంతమ్మ. గొంతు పెంచలేదు. "చెయ్యి పట్టుకుందమని చూస్తే కుడిచెయ్యి నలిగి ఉన్నది. ఎడమ చెయ్యి పట్టుకున్న. చల్లగున్నది తమ్మీ. పోయిండని నాకు తెలుసు. తెలిసి తెలిసి కంపోండర్‌ను ఇడువలే. అంబులెన్స్ వచ్చేదాక ఇడువలే. నువ్వు బల్ల మీద తువ్వాల అడ్డం పెట్టుకుని ఒక్క మాట అనకుండ కూసుంటివి. నీ మొహం చూసినప్పుడల్లా నాకు ఆయన యాదికి రాడు. నేను చేసిన పని యాదికొస్తది. తొమ్మిదేండ్ల సంది పదిమంది దాన్నే మొక్కుతుంటే నేను సూడవడితి."

శోభారాణి ఆమె పక్కన కూలబడి భుజం చుట్టూ చెయ్యేసింది. "నీ జాగల ఎవలున్నా గదే చేస్తరు వదినే" అంది. "నేనైతే ఆ తుల్సీరాంను కరిచేదాన్ని."

అనంతమ్మ ఏడుపు మధ్యలో నవ్వింది. ఆ నవ్వు ఆమెను లేపింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని నిలబడింది.

"నేను గూడ వస్త. సంచిల రెండు చీరలు పెట్టుకుంట, ఆగుండ్రి. ఈసారి నేను బయట కూసుంట. ముందుగాల నిన్నే చూడుమంట."

ఆమె లోపలికి పోయింది. సమ్మయ్య కల్లంలో ఒక్కడే మిగిలాడు. క్షమాపణ అడగడానికి వచ్చిన చోట ఆమే తనను క్షమాపణ అడిగింది. బరువు దిగవలసింది. దిగలేదు సరికదా గుండె మీద ఇంకో బండ పడ్డట్టయింది. ఎందుకంటే ఆమె తీసుకున్న తప్పు ఆమెది కాదు. అది ఎవరి ఖాతాలోదో ఆయనకు తెలుసు.

* * *

మోటారు సైకిలు చప్పుడైంది. కిషోర్. సెలవు రోజు తల్లి దగ్గరికి రావడం అతనికి మామూలు. బండి దిగుతూనే, "మామా! ఏంది, ఖమ్మం పోలేదా? ఆపరేషన్‌కు భయపడి మా అమ్మ కొంగు చాటున దాక్కున్నవా?" అన్నాడు. అంతలో తల్లి సంచితో బయటికి రావడం చూసి నవ్వు ఆపాడు.

"నువ్వెటు?"

"మీ మామతోటి దవాఖానాకు. ముక్కుతో పాటు ఆ గీత గూడ తీస్తరట. నీలం పోతదట కిషోరా."

కిషోర్ సమ్మయ్య వైపు చూశాడు. బండి తాళం చేతిలో తిప్పుకున్నాడు. ఇరవై ఆరేళ్ళ మనిషి, తండ్రి పొడుగు, తండ్రి భుజాలు. తండ్రి దిగిన దారిలోనే రోజూ దిగి వస్తున్నాడు.

"తీస్తరా" అన్నాడు. "మంచిదే."

"మంచిదే అని గట్లంటవేంది?" అంది శోభారాణి.

"మంచిదే అత్తా. ఆయన మొహం ఆయనిష్టం. వద్దనేటందుకు నేనెవరిని?" తాళం జేబులో వేసుకున్నాడు. మళ్ళీ తీశాడు. "ఇంట్ల నాయన ఫోటో ఉన్నది. దండేస్తం, మొక్కుతం. గని మీద నాయన ఏడున్నడు మామా? ఆ బండ కూలిన జాగ మూసేసిండ్రు. ఆయన పేరెత్తెటోళ్ళు సగం మంది రిటైరైపోయిండ్రు. పొద్దున దీపం తీసుకుంటప్పుడు నీ గీత చూసి, నాయనా పోయొస్త అని మనసుల అనుకుంట. అనుకుని దిగుత. రేపు ఆ కిటికీల నీ మొహం నున్నగుంటే ఎవలకు చెప్పి దిగాలె? ఊరికెనే అడుగుతున్న. వద్దంటలేను."

"నోరు ముయ్యిరా" అంది అనంతమ్మ. "మనిషి మొహాన్ని మీ అందరికి గుడి చెయ్యమంటవా?"

"వద్దంటలేనని చెప్పిన గదా అమ్మా."

ఆ 'వద్దంటలేను' సమ్మయ్యకు తిట్టు కంటే గట్టిగా తగిలింది. తల్లి తీయమంటోంది, తన పాపం పోతుందని. కొడుకు ఉంచమంటున్నాడు, తండ్రి మిగులుతాడని. ఇద్దరూ ఆ నీలం గీత గురించే మాట్లాడుతున్నారు. గీత మధ్యలో తెగిన చోటు వైపు ఇద్దరిలో ఒక్కరూ చూడటం లేదు.

శోభారాణి చేతిలో ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి. "ఆఁ సిస్టర్, చెప్పుండ్రి... వస్తున్నం, దార్లనే ఉన్నం..." ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి భర్త వైపు చూసింది. "ఒకటా, రెండా అంటున్నరయ్యా. ఏం చెప్పాలె?"

సమ్మయ్య చెవికి ఆ మాట ఎక్కడో దూరంగా వినబడింది. ఆయన చెవిలో ఇంకో మాట ఉంది. పైన బండ చిట్లిన చప్పుడుతో పాటు వచ్చిన మాట. "మొహం రా హీరో!" దూలయ్య అరుపు, ఆ వెంటనే మొహం మీద అడ్డంగా పడ్డ అతని బరువైన అరచెయ్యి. రెండు చేతులున్న మనిషి, ఒక చెయ్యైనా తన తలకు అడ్డం పెట్టుకోలేదు, వెనక్కి ఒక అడుగైనా వేయలేదు. ఆ రెంటికీ సరిపడే క్షణాన్ని ఈ మొహం కోసం ఖర్చు పెట్టేశాడు. ఈ మాట ఆ ఇంటి గడప తొక్కి ఎలా చెప్పాలి? నీ మొగుడు నా అందం కాపాడబోయి పోయాడక్కా అని ఏ నోటితో అనాలి? అనలేకే తొమ్మిది పెత్రమాసలు ఆ పీట మీద కూర్చుని మొదటి విస్తరి తిన్నాడు. అలాంటి మొహాన్ని ఇంకా చక్కగా చేయించుకుంటానని ఇప్పుడు ఆవిడ దగ్గరికే అడగడానికి వచ్చాడు.

"కిషోరా" అన్నాడు. "ఇట్ల రా."

కిషోర్ దగ్గరికొచ్చాడు. సమ్మయ్య అతని కుడి చెయ్యి పట్టుకున్నాడు. అరచెయ్యి విప్పి, తన ఎడమ కంటి మీద అడ్డంగా ఆనించుకున్నాడు.

"ఏందిది మామా?"

"కదలకు. అక్కా, ఇటు చూడు. శోభా, నువ్వు గూడ."

నుదుటి నుంచి దిగిన నీలం గీత కిషోర్ చూపుడువేలి అంచు దగ్గర ఆగిపోయింది. చిటికెనవేలి కింద మళ్ళీ మొదలైంది. మధ్యలో గీత తెగిన జాగా ఎంతో, ఆ చెయ్యి అంతే. ఒక్క గింజ ఎక్కువా లేదు, తక్కువా లేదు.

"అంత బండ గీసుకుంటు పోతే కన్నెట్ల మిగిలిందని అందరు అడిగిండ్రు. అదృష్టమన్నరు. మొన్న డాక్టరమ్మ గూడ గదే అన్నది" అన్నాడు సమ్మయ్య. చెయ్యి కింద ఆయన కన్ను తడిసి, కిషోర్ వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు దిగుతున్నాయి. "నేను గూడ అవ్ అన్న. ఇన్నేండ్లు అవ్ అనుకుంటనే బతికిన. మీ నాయన గుర్తు ఈ గీత కాదు కిషోరా. గీత లేని జాగ."

ఫోనులోంచి సిస్టరు గొంతు సన్నగా, "హలో... హలో అమ్మా, వినబడుతోందా? ఒకటేనా, రెండూనా?" అంటోంది.

అనంతమ్మ సంచి కింద పెట్టింది. ఒక్కో అడుగూ వేసుకుంటూ దగ్గరికొచ్చింది. కొడుకు చేతి వైపు చూసింది. ఆ చేతి కింది మొహం వైపు చూడలేదు. చెయ్యినే చూసింది, దాని వేళ్ళు ఒక్కొక్కటీ తడిమింది, డిస్పెన్సరీలో నలిగి ఉందని తాను పట్టుకోకుండా వదిలేసిన ఇంకో చేతిని ఇప్పుడు పట్టుకుంటున్నట్టు.

"కుడిచెయ్యేనా తమ్మీ?" అని అడిగింది.